ఉన్న స్పోర్ట్స్ కారు ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకి రెండు మూడేళ్లకోసారి ఒక జబ్బు వస్తుంది. పార్కింగ్‌లో ఉన్న సొంత కారు కంటే ఫోన్‌లో కనపడే ఇంకో కారు అందంగా కనిపించడం మొదలవుతుంది. నాకూ వచ్చింది. ఇప్పటికి రెండుసార్లు మార్చాను. ఒకసారి మంచి పని చేశాను, ఇంకోసారి కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లు అవే సందేహాలు తిప్పి తిప్పి అడుగుతుంటే జవాబులన్నీ ఒకచోట పెట్టేశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవాలని లేదు.

## మనసు ఊగుతున్నప్పుడు

మూడేళ్లకే నా కారు మీద మోజు తీరిపోయింది. మార్చే టైమొచ్చినట్టేనా?

మోజు తీరడం వేరు, కారు చాలకపోవడం వేరు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అనలేదు. గత ఆరు నెలల్లో ఏ పనీ లేకుండా, కేవలం నడపడం కోసమే ఎన్నిసార్లు కారు తీశారో గుర్తు చేసుకోండి. ఒకటో రెండోసార్లయితే లోటు కారులో లేదు, మీ తీరికలో ఉంది. ఇంకో కారొచ్చినా రెండు నెలలు తిప్పి దాన్నీ కవర్ కిందకి తోసేస్తారు. అలా కాకుండా వారం వారం తీస్తూ, తీసిన ప్రతిసారీ ఒకే విషయం దగ్గర విసుగొస్తుంటే అది అసలైన కారణం. మలుపులో కారు ముక్కు బయటికి జారిపోవడం కావచ్చు, గంట దాటితే నడుం పట్టేయడం కావచ్చు. ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. రాయడానికి ఏమీ తట్టకపోతే మూడు నెలలు ఆగండి.

పవర్ చాలట్లేదనిపిస్తోంది. ఎక్కువ హార్స్‌పవర్ ఉన్నది తెచ్చుకుంటే ఆ వెలితి తీరుతుందా?

మొదటి నెల తీరుతుంది. పికప్‌కి ఒళ్లు అలవాటు పడినంత తొందరగా ఇంకే గుణానికీ పడదు. పైగా మామూలు రోడ్డు మీద వాడుకోగలిగే పవర్‌కి ఒక హద్దుంది. పోర్షే 718 కేమన్ జీటీ4 రెండో గేరులోనే గంటకు 130 కిలోమీటర్లు దాటేస్తుంది. అంత గొప్ప ఇంజిన్‌ని రెడ్‌లైన్ దాకా, అంటే అది తిరగగలిగే గరిష్ఠ వేగం దాకా వినాలంటే రెండో గేరు అయ్యేలోపే చాలాచోట్ల స్పీడ్ లిమిట్ దాటిపోయి ఉంటారు.

బరువు వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీజ్ బరువు దాదాపు 725 కిలోలు, ఇంజిన్ 1.8 లీటర్లు, పవర్ 118 హార్స్‌పవర్. అంటే టన్నుకి 160 పైచిలుకు. 1,500 కిలోల కారులో అదే నిష్పత్తి రావాలంటే 245 దాకా హార్స్‌పవర్ కావాలి. అది ఇచ్చినా బ్రేకు నొక్కినప్పుడు, మలుపు తిప్పినప్పుడు ఆ 1,500 కిలోలు ఎక్కడికీ పోవు. అందుకే ఎవరైనా "పవర్ చాలట్లేదు" అంటే, బరువు తక్కువున్న కారు ఒకటి నడిపి చూసి అప్పుడు మాట్లాడమంటాను. పొడవాటి స్ట్రెయిట్ (తిన్నని దారి) ఉన్న రేస్ ట్రాక్ మీదే ఎక్కువ నడిపేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి పవర్ నిజంగానే అవసరం.

మార్చకుండా ఉన్న కారునే బాగుచేసుకుంటే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. ఎందుకంటే చాలామంది పోల్చేది అరిగిపోయిన తమ కారుని, తాజాగా ఉన్న ఇంకో కారుతో. ఏడెనిమిదేళ్ల కారులో షాక్ అబ్జార్బర్లు నీరసించి ఉంటాయి, సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే బుష్‌ల రబ్బరు పగిలి ఉంటుంది, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) ఎప్పుడు చూశారో గుర్తే ఉండదు. ఇదంతా రోజుకింత చొప్పున అరుగుతుంది కాబట్టి లోపల కూర్చున్న మనకి తెలియదు. ఒకరోజు పక్కవాడి కొత్త కారు నడిపి "అబ్బ, స్టీరింగ్ ఎంత షార్ప్‌గా ఉందో" అనుకుంటాం. మన కారూ ఒకప్పుడు అలాగే ఉండేది.

నేనైతే ఈ వరసలో వెళ్తాను: ముందు మంచి టైర్లు, వెంటనే అలైన్‌మెంట్, ఆ తర్వాత బ్రేకు ఫ్లూయిడ్, ప్యాడ్లు, ఆ తర్వాత బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు. పవర్ పెంచే పనులు అన్నిటికంటే ఆఖర్న, అసలు చేయకపోయినా నష్టం లేదు. వీలైతే ట్రాక్ మీద ఒకరోజు ఇన్‌స్ట్రక్టర్ని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. నా కారు మలుపుల్లో మొండికేస్తుందని నేను ఏడాదిన్నర తిట్టుకున్నాను. అలా కూర్చోబెట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ మూడో ల్యాప్‌లోనే తేల్చేశాడు, మొండికేస్తున్నది కారు కాదని. నేను బ్రేకు మీంచి కాలు మరీ తొందరగా తీసేస్తున్నాను, ముందు చక్రాల మీద బరువు నిలిచే లోపే స్టీరింగ్ తిప్పుతున్నాను.

డబ్బుతో బాగుపడనివీ ఉన్నాయి. ఇంజిన్ ఉన్న చోటు, మొత్తం బరువు, సీటు ఎత్తు, ఇంజిన్ స్వభావం. మీ కారణం వీటిలో ఒకటైతే మార్చడం గురించి ఆలోచించొచ్చు.

రెండు సీట్లు సరిపోవట్లేదు. వెనక సీట్లున్న స్పోర్ట్స్ కారు తీసుకుంటే?

పోర్షే 911లో గానీ టయోటా జీఆర్86లో గానీ వెనక సీట్లు పిల్లలకీ బ్యాగులకీ. పెద్దవాళ్లు తరచూ కూర్చోవాలంటే ఆ అవసరాన్ని స్పోర్ట్స్ కారు మీద రుద్దకండి. ఒక మామూలు కారు పక్కన పెట్టుకోవడమే చవక.

## రెండు కార్లనీ పోల్చేటప్పుడు

కాగితం మీద రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా ఎక్కడ తెలుస్తుంది?

కాగితం మీద రాయని చోట్ల. 2019లో వచ్చిన టయోటా సుప్రా, అప్పటి బీఎండబ్ల్యూ జెడ్4 రెండూ ఒకే ప్లాట్‌ఫాం మీద కట్టినవే. 3 లీటర్ల ఇంజిన్ కూడా ఒకటే, బీఎండబ్ల్యూ వాళ్ల బీ58. అయినా ఒకటి పైకప్పు బిగించిన కూపే, ఇంకోటి రూఫ్ తెరుచుకునే రోడ్‌స్టర్. సస్పెన్షన్ సెటప్ ఎవరిది వాళ్లదే. ఒకదాన్లోంచి దిగి ఇంకోదాన్లో కూర్చుంటే చుట్టరికం చెబితే తప్ప తెలియదు.

నంబర్లు చూడాలనిపిస్తే 0–100 (గంటకు వంద కిలోమీటర్లు అందుకోవడానికి పట్టే టైము) కంటే ముందు బరువు, ఆ తర్వాత ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర టార్క్, అంటే తిప్పే బలం, అందుతుంది అన్నది చూడండి. 2012లో వచ్చిన మొదటి టయోటా 86 రెండు లీటర్ల ఇంజిన్‌కి సరిగ్గా మధ్య ఆర్‌పీఎంలలో టార్క్ ఒక గుంటలో పడినట్టు తగ్గిపోయేది. తర్వాతి తరంలో ఇంజిన్ 2.4 లీటర్లకి పెంచాక ఆ గుంట పోయింది. పవర్ అంకె మాత్రమే చూస్తే కొద్దిపాటి తేడా అనిపిస్తుంది. రోజూ నడిపేవాడికి మాత్రం అది వేరే కారు.

ఇంజిన్ ముందుందా, మధ్యలో ఉందా, వెనక ఉందా అన్నది నాకెందుకు?

మీ చేతులకీ నడుముకీ అన్నిటికంటే ముందు తెలిసే తేడా అదే. కారులో అన్నిటికంటే బరువైన వస్తువు ఇంజిన్. అది కారు మధ్యకి దగ్గరగా ఉంటే కారు తన చుట్టూ తాను తేలిగ్గా తిరుగుతుంది. డంబెల్‌ని మధ్యలో పట్టుకుని తిప్పితే బరువులు రెండు చివర్లా ఉంటాయి కాబట్టి కష్టపడాలి. అదే బరువంతా పిడికిట్లో ఉంటే మణికట్టు తిప్పితే చాలు. కేమన్, బాక్స్‌టర్, ఎలీజ్ లాంటి మిడ్ ఇంజిన్ కార్లు స్టీరింగ్ తిప్పగానే తిరిగేది అందుకే. దాని రెండో ముఖం ఏంటంటే, తేలిగ్గా తిరిగేది జారినప్పుడు కూడా తేలిగ్గానే గిర్రున తిరుగుతుంది. సరిచేసుకోవడానికి దొరికే టైము తక్కువ.

911లో ఇంజిన్ వెనక ఇరుసు కంటే వెనక ఉంటుంది. మలుపులోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాలకి దొరికే పట్టు ఇంకే కారులోనూ అంత సులువుగా దొరకదు. కానీ మలుపు మధ్యలో భయపడి కాలు ఠక్కున తీసేస్తే బరువు ముందుకి వస్తుంది, తోక బయటికి రావాలని చూస్తుంది. కొత్త 911లలో ఎలక్ట్రానిక్స్ చాలావరకు కాపాడతాయి. పాతవాటిలో మీరే కాపాడుకోవాలి.

ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు తిరిగే మజ్దా ఎమ్‌ఎక్స్-5, జీఆర్86 లాంటివి తాము చేయబోయేది ముందే చెప్పి చేస్తాయి. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి గురువు లేదు. 1953 నుంచి ముందు ఇంజిన్‌తోనే వచ్చిన షెవ్రొలే కోర్వెట్ 2020 మోడల్ నుంచి మధ్యలోకి మారింది. పాత కోర్వెట్ ఇచ్చి కొత్తది తెచ్చుకున్నవాళ్లు పేరు ఒకటే కదా అనుకుంటే పొరపాటు, నడపడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి.

టర్బో ఉన్నదా, లేనిదా?

మీకు ఇంజిన్‌తో ఆడుకోవడం ఇష్టమా, ఇంజిన్ పని చేసిపెడితే చాలా? టర్బో అంటే పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే ఫ్యాను. అదున్న ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలోనే తోస్తుంది, ఎక్కువగా గేర్లు మార్చక్కర్లేదు, రోజువారీ వాడకానికి సుఖం. టర్బో లేనిదాన్ని పైదాకా లాగితేనే ఫలం. హోండా ఎస్2000 రెండు లీటర్ల ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, 6,000 కింద మామూలు కారులాగే ఉంటుంది. అసలు సంగతంతా ఆ పై 3,000లోనే.

శబ్దాన్ని తక్కువ అంచనా వేయకండి. పోర్షే 2016లో బాక్స్‌టర్, కేమన్‌లకి ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ పెట్టింది. స్పీడ్ పెరిగింది. అయినా ఆ ధ్వని నచ్చక పాత కార్లనే పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎంతమందో. 2020లో వాటిలోనే జీటీఎస్ అనే రకానికి 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ మళ్లీ వచ్చింది. వేగం పెరిగినంత మాత్రాన సంతోషం పెరగదని ఆ కంపెనీకే తెలిసొచ్చిందని నేననుకుంటాను.

మాన్యువల్ వదిలి ఆటోమేటిక్‌కి వెళ్తే తర్వాత బాధపడతానా?

ల్యాప్ టైము కోసం నడిపేవాళ్లు బాధపడరు. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మనిషి కంటే వేగంగా మారుస్తుంది, అందులో వాదన లేదు. తీరిగ్గా కొండదారుల్లో తిరిగేవాళ్లు మాత్రం తరచుగా బాధపడతారు. 2013లో వచ్చిన 911 జీటీ3ని కేవలం ఆటోమేటిక్‌తోనే ఇచ్చారు, 2017లో మాన్యువల్ మళ్లీ పెట్టారు. సుప్రా కూడా మొదట మాన్యువల్ లేకుండానే వచ్చింది, 2022లో చేర్చారు. అడిగేవాళ్లు లేకపోతే చేర్చరు కదా. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35కీ, కొత్త కోర్వెట్‌కీ అసలు మాన్యువల్ లేనేలేదు.

రోజూ ట్రాఫిక్‌లో గంటలు గంటలు నడిపేవాళ్లకి నా సలహా వేరు, ఎడమ మోకాలి మాట వినండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి? పావుగంట కంటే ఇవ్వట్లేదు.

పావుగంటలో తెలిసేది పికప్ మాత్రమే, అది అన్ని కార్లలోనూ బాగానే ఉంటుంది. నేను చేసిన తప్పు ఇదే. వెడల్పాటి ఖాళీ రోడ్డు మీద పావుగంట నడిపి, వెనక్కి నెట్టిన ఆ తోపుకి పడిపోయి సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చాక తెలిసింది, నాకు అలవాటైన ఇరుకు మలుపుల దారిలో ఆ కారు వెడల్పే నన్ను భయపెడుతోందని. రెండోసారి మార్చినప్పుడు అలాంటి కారునే ఒక పూటకి అద్దెకి తీసుకుని, నేను ఎప్పుడూ తిరిగే దారిలోనే తిప్పాను. ఆ అద్దె మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అన్నిటికంటే తెలివైన ఖర్చు.

వెళ్లేముందు అదే రోజు, అదే దారిలో మీ కారు నడిపి వెళ్లండి. టెస్ట్ డ్రైవ్‌లో ముందుగా సీటుని పూర్తిగా మీకు సరిపడేలా పెట్టుకోండి. పెడళ్లు కాలికి సూటిగా ఉన్నాయా, ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలు మలుపులో కంటికి అడ్డొస్తున్నాయా, బ్రేకు పెడల్ మొదటి సగంలోనే ఎంత మాట వింటోంది చూడండి. మ్యూజిక్ వద్దు. పక్కన కూర్చున్న సేల్స్ మనిషి మాటలు కూడా వీలైనంత తక్కువ వినండి. గతుకుల రోడ్డు, పార్కింగ్ ర్యాంపు, రివర్స్ తప్పకుండా చేయండి. ముందు బంపర్ కింద గీసుకునే చప్పుడు రేపట్నుంచి రోజూ వినాల్సింది మీరే.

## డబ్బు లెక్క

మార్చుకోవడానికి నిజంగా ఎంతవుతుంది?

రెండు కార్ల ధరల తేడా కంటే చాలా ఎక్కువ. డబ్బుని భాగాల్లో చూద్దాం. మీ కారుని బయట అమ్మితే 100 వస్తుందనుకోండి, తెచ్చుకోబోయేది 130. తేడా 30 అని మనసు చెబుతుంది. ఎక్స్ఛేంజ్‌లో మీ కారుకి 88 కట్టారనుకోండి, అప్పుడు చేతినుంచి పోయేది 42. దానికి పన్నులు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ తేడా కలపండి. వాడిన కారైతే వచ్చిన వెంటనే పెద్ద సర్వీస్, బహుశా ఒక సెట్టు టైర్లు. ఇవన్నీ ఓ 10 అనుకుంటే మొత్తం 52 అయింది. ఏడాదిలో మనసు మారి వెనక్కి రావాలనుకుంటే అమ్మేటప్పుడు ఇంకోసారి కోత.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ 52 మొత్తాన్ని ఉన్న కారు మీదా, ట్రాక్ రోజుల మీదా, పెట్రోలు పోయించి దూరాలు తిరగడం మీదా ఖర్చుపెడితే మీకు ఎక్కువ ఆనందమా, తక్కువా? ఈ ప్రశ్నకి "తక్కువే" అని తడుముకోకుండా చెప్పగలిగినవాళ్లు మార్చుకోవచ్చు.

ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వాలా, సొంతంగా అమ్ముకోవాలా?

సొంతంగా అమ్మితే ఎక్కువొస్తుంది, ఎక్స్ఛేంజ్‌లో తలనొప్పి తక్కువ. కొన్ని దేశాల్లో ఎక్స్ఛేంజ్ విలువ తీసేసి మిగతా మొత్తం మీదే పన్ను వేస్తారు, అలాంటిచోట ఎక్స్ఛేంజ్ తేడా కొంత పూడుతుంది. మీ చోట ఎలాగో కనుక్కోండి. మాడిఫై చేసిన కారైతే డీలర్ ఆ పార్టులకి ఒక్క పైసా కట్టడు, వాటి విలువ తెలిసినవాడు బయటే దొరుకుతాడు. ఒక జాగ్రత్త: మీ కారు రేటు, వాళ్ల కారు రేటు విడివిడిగా రాయించుకోండి. రెండూ కలిపి "పైన ఇంత కట్టండి చాలు" అన్నారంటే, ఒకచోట ఇచ్చినట్టే ఇచ్చి ఇంకోచోట లాగుతున్నారన్నమాట.

పాత కారు లోన్ ఇంకా మిగిలి ఉంది. ఇప్పుడు మార్చొచ్చా?

కారు అమ్మితే వచ్చేదానికంటే లోన్ బాకీ ఎక్కువుంటే మార్చకండి. ఆ మిగులు బాకీని కొత్త లోన్‌లో కలిపేస్తామని అనేవాళ్లు ఉంటారు. అలా చేస్తే అమ్మేసిన కారుకి కూడా వడ్డీ కడుతూ ఉంటారు. బాకీ, కారు విలువ కంటే కిందకి దిగేదాకా ఆగడం తప్ప వేరే తెలివైన దారి నాకు కనపడలేదు.

ఏ కారుకి తరుగుదల తక్కువ?

కొత్త కారు విలువ మొదటి మూడేళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది. అందుకే మూడు నుంచి ఐదేళ్ల వయసున్నది కొనమంటాను. తక్కువ సంఖ్యలో తయారైనవి, మాన్యువల్ గేర్లవి, టర్బో లేని ఇంజిన్ ఉన్న చివరి తరాలు ధర నిలబెట్టుకుంటాయి. కానీ కారుని పెట్టుబడిగా చూసి కొన్నవాళ్లు దాన్ని నడపడానికి భయపడతారు. కిలోమీటరు తిరిగినప్పుడల్లా విలువ తగ్గుతోందని గుండె పీకుతుంటే ఆ కారుండి ఏం లాభం?

ఇన్సూరెన్స్ ఎప్పుడు అడగాలి?

అడ్వాన్స్ ఇవ్వక ముందు. పవర్ కొంచెం పెరిగినా ప్రీమియం బాగా పెరిగే కార్లున్నాయి. ట్రాక్ మీద జరిగే నష్టాన్ని మామూలు పాలసీ సాధారణంగా కవర్ చేయదు, అది కూడా ముందే తేల్చుకోండి.

## వాడిన కారు కొనేటప్పుడు

ఏ కారుకి ఏ జబ్బుందో తెలుసుకోవాలా? మెకానిక్ చూస్తే చాలదా?

చాలదు. మంచి మెకానిక్ కూడా ఎక్కడ చూడాలో తెలిస్తేనే చూస్తాడు. ప్రతి స్పోర్ట్స్ కారుకీ ఒక పేరుపొందిన జబ్బు ఉంటుంది. 996 అనే కోడ్ ఉన్న తరం 911, 986 అనే కోడ్ ఉన్న తరం బాక్స్‌టర్ ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ఒక కడ్డీ) బేరింగ్ విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. అదే తరం టర్బో, జీటీ3ల్లో వేరే ఇంజిన్ కాబట్టి వాటికా బెంగ లేదు. 2007లో వచ్చిన వీ8 బీఎండబ్ల్యూ ఎమ్3కి కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరగడం, దానికి ముందు వచ్చిన ఈ46 ఎమ్3కి వెనక సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేం బిగించే చోట రేకు పగలడం. మజ్దా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు గుండ్రంగా తిరిగే రోటర్లున్నది) ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాన్ని అలాగే తయారుచేశారు. కంప్రెషన్ (ఇంజిన్ లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) పడిపోవడం మాత్రం జబ్బే, దాన్ని కొలవడానికి రోటరీకి సరిపడే మీటరు కావాలి, మామూలుది పనికిరాదు. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజిన్ కిందకి దించాల్సిందే. 2004లో వచ్చిన ఎఫ్430కి బెల్టు బదులు చైన్ పెట్టారు.

ఇవి చదివి భయపడి పారిపోనక్కర్లేదు. జబ్బు వచ్చిన కార్ల కంటే రానివే ఎక్కువ. ఆ పని ముందే చేయించి, బిల్లు దాచుకున్న ఓనర్ దగ్గర కొనండి.

కొనే ముందు తనిఖీలో ఏమేం చేయించాలి?

అమ్మేవాడికి సంబంధం లేని, ఆ బ్రాండు మీద చేయి తిరిగిన మెకానిక్ కావాలి. కారు లిఫ్ట్ మీద ఎత్తి అడుగు చూడాలి. కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్‌లోంచి గాలి ఎంత కారుతోందో చూసే) టెస్టుల్లో సిలిండర్ల మధ్య పెద్ద తేడా ఉండకూడదు. పెయింట్ మందం కొలిచే మీటరుతో ప్రతి ప్యానెల్ చూస్తే యాక్సిడెంట్ బండి దాగదు. పోర్షేల్లో ఇంజిన్ కంప్యూటర్ ఓవర్‌రెవ్‌లని, అంటే ఇంజిన్ హద్దు దాటి తిరిగిన సందర్భాలని గుర్తుపెట్టుకుంటుంది, పైగేరు వేయబోయి పొరపాటున కిందిగేరు వేసిన సంగతి అందులో దొరికిపోతుంది. ఆ రిపోర్టు తీయించుకోండి.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఒక డీలర్ నాకు "టైర్లు కొత్తవే సార్, గాడులు చూడండి" అని నవ్వుతూ చూపించాడు. గాడులు లోతుగానే ఉన్నాయి. కోడ్ చూస్తే ఆరేళ్ల నాటివి. గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద కారుని నిలపదు. కార్బన్ సిరామిక్ బ్రేకులుంటే డిస్కులు ఎంత మిగిలాయో తేల్చుకోకుండా సంతకం పెట్టొద్దు, ఒక సెట్టు ధరలో మామూలు చిన్న కారే వచ్చేస్తుంది.

ట్రాక్ మీద తిప్పిన కారు వద్దంటారా?

దాచిపెట్టి అమ్మేవాడిది వద్దు. చెప్పి అమ్మేవాడిది తప్పకుండా చూడండి. ట్రాక్ మీద తిప్పేవాళ్లు ఆయిల్ ముందే మారుస్తారు, బ్రేకు ఫ్లూయిడ్ సంగతి వాళ్లకి తెలుసు, ఇంజిన్ వేడెక్కే దాకా ఆగుతారు. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన నిమిషానికే రెడ్‌లైన్‌కి లాగే ఓనర్ కంటే వీళ్లు వెయ్యి రెట్లు నయం.

పదేళ్లలో చాలా తక్కువ కిలోమీటర్లు తిరిగింది. మంచి బేరమేనా?

నిలబెట్టిన కారు అరగదు, ఎండిపోతుంది. సీళ్లు ఎండి ఆయిల్ కారుతుంది, బ్రేకు ఫ్లూయిడ్ గాలిలో తేమ లాక్కుని మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, టైర్లు గట్టిపడతాయి, పెట్రోలు పాతబడుతుంది. బాగా చూసుకుంటూ తిప్పిన 60,000 కిలోమీటర్ల కారు, మూల పడేసిన 8,000 కిలోమీటర్ల కారు పక్కపక్కన పెడితే నేను మొదటిదే నడుపుకుంటూ ఇంటికెళ్తాను.

మాడిఫై చేసింది చూశాను, బాగా నచ్చింది.

ఒరిజినల్ పార్టులు కూడా ఇస్తున్నారా అని అడగండి. ట్యూనింగ్ ఎవరు చేశారో, బిల్లులున్నాయో లేదో చూడండి. చవకరకం కోయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ సెట్లు), పేరులేని వీల్స్ కనపడితే కనపడనిచోట ఇంకెంత చవకగా కానిచ్చారో ఊహించుకోవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పని మాడిఫికేషన్ రేపు క్లెయిమ్ దగ్గర మీకే అడ్డం తిరుగుతుంది.

## ఇచ్చేసే రోజు, ఆ తర్వాత

అమ్మేముందు నా కారు మీద ఖర్చుపెట్టాలా?

కడిగించి, లోపల శుభ్రం చేయించి, సర్వీస్ బిల్లులు తేదీల వరసలో ఫైలు కట్టండి. చిన్న గీతలు తీయించండి. పెద్ద రిపేర్లయితే చేయించకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పి రేటు తగ్గించండి. పెట్టిన డబ్బు తిరిగి రాదు.

తెలిసినాయన తన కారు ఇచ్చి నాది తీసుకుంటానంటున్నాడు. నేరుగా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ కాగితాల్లో అది రెండు అమ్మకాలే. రెండింటికీ విడిగా ఒప్పందం రాసుకోండి, ఒక్కోదాని ధర వేయండి. రెండు కార్ల మీదా లోన్ బాకీ లేదని రుజువు చూడండి. తనిఖీ రెండువైపులా జరగాలి. మొహమాటానికి పోయి "మనవాడే కదా" అని లిఫ్ట్ ఎక్కించకుండా తీసుకున్నవాళ్లకి ఆ తర్వాత మనవాడూ మిగల్లేదు, కారూ మిగల్లేదు.

కొత్త కారు వచ్చేసింది. మొదట్లో ఏం జాగ్రత్త?

పాత కారు రిఫ్లెక్సులు ఇంకా కాళ్లలోనే ఉంటాయి. ముందు ఇంజిన్ కారులోంచి మిడ్ ఇంజిన్ కారుకి మారినవాళ్లు మొదటి వానాకాలం స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్స్) ఆపకండి. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వస్తే కారుతో వచ్చిన పుస్తకంలో రాసిన రన్నింగ్-ఇన్ దూరం (కొత్త ఇంజిన్‌ని నెమ్మదిగా నడపాల్సిన దూరం) అయ్యేదాకా రెడ్‌లైన్ వైపు చూడొద్దు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టు ఉండదు, ముఖ్యంగా ట్రాక్ కోసం తయారైన టైర్లకి. వాడిన కారైతే ఎవరేం చెప్పినా ఆయిల్, బ్రేకు ఫ్లూయిడ్ మీరు స్వయంగా మార్పించండి. ఆ రోజునుంచి మీకో లెక్క ఉంటుంది.

మార్చి రెండు నెలలైంది. పాత కారే బాగుందనిపిస్తోంది. ఏం చేయాలి?

వెంటనే ఏమీ చేయకండి. కొత్త కారు చేతికి అలవాటు కావడానికి నా అనుభవంలో నాలుగైదు నెలలు పడుతుంది. అప్పటిదాకా సీటు, టైరు ప్రెషర్లు, అలైన్‌మెంట్ సరిచూసుకోండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. ఏడాది తిరిగాక కూడా అదే బాధ ఉంటే అమ్మేయండి, పంతానికి పోయి ఉంచుకోవద్దు. నేను ఎనిమిది నెలలకే అమ్మేశాను, బాగానే నష్టపోయాను. పాత కారు కోసం వెతికితే దొరికింది. కొన్నాయన తిరిగి అమ్మనన్నాడు. ఒకసారి నడుపుకోమని తాళం చేతికిచ్చాడు. మూడో మలుపు దాటేసరికే అర్థమైంది, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు మార్పించి ఉంటే నేను దాన్ని అమ్మేవాణ్నే కాదని. ఆయన మార్పించాడు.